కృపమ్మ వంతు

పక్షవాతంతో కృపమ్మకు మాటతోపాటు తెలివీ పోయిందని, అది ఒప్పుకోలేకే మొగుడు దయానందం పాత ఎలక్ట్రానిక్ డిక్షనరీలు విప్పుకుంటూ కూర్చుంటున్నాడని చల్లపల్లిలో వాళ్ల వీధంతా చెప్పుకుంటుంది. రైసుమిల్లు నుంచి వచ్చి, ఒంటిమీది తవుడు కడుక్కుని, ఆయన అరుగు మీద చేరతాడు. డిక్షనరీలో ఇంగ్లీషు పలికే చిప్పు పీకేసి, తన గొంతు రికార్డు చేసిన చిప్పు అతికిస్తాడు. మీటల మీద గోళ్లరంగు చుక్కలు పెట్టి, ఏ చుక్క నొక్కితే ఏ పాట పేరు పలుకుతుందో భార్యకు వినిపిస్తాడు. మధ్యలో కునుకు పట్టి టంకం కడ్డీకి వేళ్లు కాల్చుకుంటాడు. “అక్కకి మాటొస్తే ముందు నిన్నే తిడద్ది బావా! ఎందుకీ తంటా?” అంటాడు పక్కింటి రత్నరాజు. “తిట్టనీరా,” అంటాడు ఆయన తలెత్తకుండానే.

శుక్రవారం ఇంటి ప్రార్థనలో ఒక్కొక్కరూ తమకు కావలసిన పాట అడిగితే అందరూ పాడతారు. జబ్బు చేసినప్పటి నుంచి కృపమ్మను ఎవరూ అడగడం లేదు. ఈ శుక్రవారమూ పాస్టరమ్మగారు ఆమెను దాటి పక్కామె వైపు తిరిగారు. “ఆగండమ్మగారూ, మా ఆవిడ అడుగుద్ది,” అని దయానందం డిక్షనరీ భార్య ఒళ్లో పెట్టి ఎర్రచుక్క చూపించాడు. “నీకిష్టమైన పాటే. నొక్కు.” కృపమ్మ ఎడమచేత్తో ఆయన వేలు పక్కకు తోసేసింది. చుక్కలన్నీ నిదానంగా చూసి పచ్చచుక్క నొక్కింది. డిక్షనరీలోంచి దయానందం గొంతే వేరే పాట అడిగింది. తనకు ఏ పాట కావాలో కృపమ్మకు తెలుసు.