ఒకే కంచంలో రెండు గినీ పందులు

మా ఇంట్లో చిన్న గినీ పంది జబ్బు చేసి చచ్చిపోయిందని మావాళ్ళందరూ ఇప్పటికీ చెప్తారు. మా ఆయనైతే అనకాపల్లి నీళ్ళు దానికి పడలేదంటాడు. రెండోది అవే నీళ్ళు తాగి బలిసింది కదా అంటే మాట మారుస్తాడు.

మా వీధిలో ఇంకా ఎస్టీడీ బూత్ ఉన్న రోజులవి. మా అమ్మాయి అడిగిందని ఆయన విశాఖపట్నం నుంచి రెండింటిని అట్టపెట్టెలో తెచ్చాడు. తోకల్లేని బొద్దు ఎలకల్లా ఉండేవి, రెండూ మగవే. చెక్క బోనులో పెట్టి, ఒకే కంచంలో పచ్చగడ్డీ క్యారెట్ ముక్కలూ వేసేవాళ్ళం. ఒక కంచంలో తింటే అన్నదమ్ములకు ప్రేమ పెరుగుతుందని మా అత్తగారి శాసనం.

పెద్దది తింటున్నంతసేపూ చిన్నది మూలలోంచి కదిలేది కాదు. కదిలితే పెద్దది ఒళ్ళు ఉబ్బించి పళ్ళు టకటకలాడించేది. అత్తగారు మురిసిపోయేది.

"సూడే, పెద్దోడు తిన్నాకే తింతాడు. ఎంత మరియాదో! నీకు లేదుగానీ దానికుంది."

"అది మర్యాద కాదత్తయ్యా, భయం. ఆ పళ్ళ చప్పుడు వినపడట్లేదా?"

"సలికి కొరుకుతంది. నీ కాలేజీలో ఎలకల గురించీ సెప్పేరేటి?"

"చెప్పారు. అత్తగార్ల గురించే చెప్పలేదు."

ఆవిడ మూతి ముడిచింది. నేను నెగ్గాను. వంటింట్లో ఖాళీ కంచాలు డజను ఉన్నాయి. ఒకటి తెచ్చి బోనులో ఇంకో మూల పెట్టడానికి నిమిషం పట్టదు. పెడితే ఆవిడతో ఇంకో గొడవ. గొడవకి నేనెప్పుడు భయపడ్డాను గనక? అయినా పెట్టలేదు. నా మాటే నిజమని తేలాలని చూస్తూ కూర్చున్నాను.

తేలింది. కొన్ని వారాలకి చిన్నదాని వీపు ఎముకలు నా వేలికి తగిలాయి. ఒళ్ళో పెట్టుకుని నోటికి కొత్తిమీర అందిస్తే నమలలేదు.

"జబ్బు సేసిందే పాపం," అంది అత్తగారు. ఇంట్లో ఆ మాటే ఖాయమైపోయింది. నేనూ గట్టిగా కాదనలేదు, ఆ ఒక్కసారీ.

మర్నాడు మధ్యాహ్నం చిన్నది మూల వదిలి, ఒళ్ళు ఈడ్చుకుంటూ పెద్దదాని దగ్గరికి వచ్చింది. పెద్దది ఉబ్బలేదు, పళ్ళు ఆడించలేదు. తిండి వదిలి పక్కకు జరిగి చోటిచ్చింది. చిన్నది గడ్డి ముట్టలేదు. పెద్దదాని పొట్టకి ఆనుకుని పడుకుని, సాయంత్రానికి చల్లబడిపోయింది.

పశువుల డాక్టర్ని అడిగితే నవ్వి, "ఆటికేటి తెలుసమ్మా" అన్నాడు. నాకది జవాబు కాదు. అన్నాళ్ళూ దగ్గరికి రానివ్వనిది, ఆ పూట ఎందుకు పక్కకు జరిగింది?