కారు షెడ్డు వైపు తలుపు

గౌలిపురలో మా ఇంటిని ఆనుకొని ఉన్న కారు షెడ్డు ఒకప్పుడు బర్రెల కొట్టం. మామగారు పోయాక బర్రెలను అమ్మేసి, పాత పెంకులు దించేసి, మా ఆయన పైన ఇనుప రేకులు వేయించారు. గల్లీ వైపు షట్టర్ పెట్టించారు. పాలు లోపలికి తేవడానికి వంటింట్లోంచి కొట్టంలోకి ఉన్న చిన్న తలుపు మాత్రం అలాగే ఉండిపోయింది. గడియ మా వైపు ఉంటుంది.

మా గల్లీ మూలమీద వేపచెట్టు కింద ఒకతను చాలా ఏళ్లుగా బట్టలు ఇస్త్రీ చేసేవాడు. పాలమూరు వైపు మనిషి, యాభై దాటినవాడు. మాట తక్కువ. ఆయన భార్య ఇల్లిల్లూ తిరిగి బట్టలు తెచ్చేది, ఇస్త్రీ అయినవి మూటగట్టుకొని మళ్లీ ఇచ్చి వచ్చేది. మురుగునీటి మోరీ పైపులు వేయడానికి తవ్వినప్పుడు ఆ చెట్టు కొట్టేశారు. ఎండలో నిలబడి రెండు రోజులు చేశాక ఆమె మా ఇంటికి వచ్చి, పగలు షెడ్డు ఖాళీగానే ఉంటది కదా అని అడిగింది. నిజమే, మా ఆయన పొద్దున్నే కారు తీసుకొని ఆఫీసుకు పోతే చీకటి పడ్డాకే వస్తారు. సరేనన్నాము. మా బట్టలు ఊరికే ఇస్త్రీ చేసి ఇచ్చేవారు. వాళ్లకు మేలు చేశామనే అనుకున్నాను. చాలామందికి చెప్పుకున్నాను కూడా.

అది మాఘమాసం. చలి ఇంకా పూర్తిగా పోలేదు. రేకుల కింద కుంపటి వెచ్చగానే ఉండేది.

ఉగాది దాటాక షెడ్డు సంగతి తెలిసివచ్చింది. పొద్దున పదికే రేకులు పట్‌పట్‌మని చప్పుడు చేసేవి. పన్నెండు దాటితే లోపల నిలబడడం మనిషి వల్ల అయ్యే పని కాదు. పైన నిప్పులాంటి రేకు, పక్కన బొగ్గుల కుంపటి, చేతిలో బొగ్గులు నింపిన ఇస్త్రీ పెట్టె. ఆయన భార్య గోనె సంచులు తడిపి, నిచ్చెన వేసుకొని రేకుల మీద పరిచేది. అరగంటకే అవి ఎండి అట్టల్లా అయ్యేవి. మళ్లీ తడిపేది. మా నల్లాలో రోజు విడిచి రోజు నీళ్లొచ్చేవి కాబట్టి, సంచులకు ఎక్కువ నీళ్లు వాడొద్దని నేనే చెప్పాను. ఆయన తలకు తడి తువాలు చుట్టుకొని, పొద్దున తెచ్చుకున్న జొన్న అంబలి తాగుతూ పనిచేసేవాడు. పెళ్లిళ్ల రోజులు. చీరలు, షేర్వానీలు, తెల్ల బట్టలు కుప్పలుగా వచ్చేవి. మానేస్తే ఇంకొకరికి పోతాయి.

మధ్యాహ్నం రెండింటికి ఆ చిన్న తలుపు మెల్లగా తట్టేవాడు. నేను ఫ్రిజ్‌లోని నీళ్ల సీసా ఇచ్చేదాన్ని. తలుపు తీసిన ఆ నిమిషంలోనే షెడ్డులోని వేడి నా మొహాన కొట్టేది. సీసా అందించి వెంటనే గడియ పెట్టేదాన్ని. లేకపోతే ఆ సెగకు వంటిల్లంతా ఉడికిపోయేది, హాల్లో కూలర్ నడిచినా లాభం ఉండేది కాదు.

ఒకరోజు సీసా తీసుకొని అక్కడే నిలబడ్డాడు.

"జర ఈ తలుపు తీసి పెడితే గాలి ఆడుతది అక్కా. ఈడ ఊపిరి ఆడుతలేదు" అన్నాడు.

"మసి అంత వంటింట్లకొస్తదన్నా" అన్నాను.

ఆయన సీసా పట్టుకొని కుంపటి వైపు తిరిగాడు. మసి వస్తుందన్నది అబద్ధం కాదు. కానీ నేను తలుపు మూసింది వేడి కోసం. నా ఇంట్లోకి రాకుండా ఆపిన వేడి అంతా ఎక్కడ ఉండిపోతుందో నాకు తెలుసు.

వైశాఖంలో వరుసగా పది రోజులు మండిపోయింది. పడుకుంటే పరుపు కాలేది. ఎవరికీ నిద్రల్లేవు. పదకొండో రోజు మధ్యాహ్నం మూడింటికి ఆకాశం ఒక్కసారిగా ఎర్రటి దుమ్ముతో మూసుకుపోయింది. గాలిదుమారం లేచింది. నేను మిద్దె మీదికి పరుగెత్తి ఎండేసిన బట్టలు, వడియాలు తెచ్చుకున్నాను. పైనుంచి చూస్తే ఆయన లోపలి నుంచి షట్టర్ కిందికి లాగుతున్నాడు. లోపల ఎవరో పెళ్లివారి బట్టలు ఉన్నాయి, దుమ్ము పడితే మళ్లీ ఉతకాలి. కుంపటి కూడా లోపలే ఉందని నాకు తట్టలేదు. ఆ తర్వాత వడగళ్లు, వాన. కరెంటు పోయింది.

కిటికీలోంచి చల్లటి గాలి వచ్చింది. హాల్లో చాప మీద వాలాను. పది రోజుల తర్వాత ఒళ్లు చల్లబడితే కళ్లు వాటంతటవే మూతలు పడ్డాయి. అప్పుడు తలుపు చప్పుడైంది. మూడుసార్లు. నీళ్ల కోసమే అనుకున్నాను. వానపడుతోంది కదా, అంత తొందరేముంది, ఇంకో ఐదు నిమిషాలాగి లేద్దామనుకున్నాను. మళ్లీ తట్టలేదు. నేను నిద్రపోయాను.

ఆయన భార్య కేకతో మెలకువ వచ్చింది. వాన తగ్గాక వచ్చి, షట్టర్ పైకెత్తి చూసిందట. నేను గడియ తీసేసరికి ఆయన గడప దగ్గరే, గోడకు ఒరిగి పడి ఉన్నాడు. ఒళ్లు కాలుతోంది. కుంపటిలో బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. గల్లీలో మోకాళ్ల లోతు మోరీ నీళ్లు. ఆటో లోపలికి రాదు. పక్కింటి వాళ్లు మంచం మీద పడుకోబెట్టి, నలుగురు ఎత్తుకొని, ఆ నీళ్లలోనే నడిచి పెద్ద రోడ్డు దాకా తీసుకుపోయారు. చెప్పులు చేతిలో పట్టుకొని నేనూ వెనక నడిచాను.

బొగ్గుల పొగ తలకెక్కిందని, దానికి వడదెబ్బ తోడైందని సర్కారు దవాఖానాలో డాక్టరు చెప్పాడు. ఇంకాస్త ముందు బయట గాలి తగిలి ఉంటే బాగుండేదన్నాడు. అది ఆయన భార్యతో అన్న మాట. పక్కన నిలబడ్డది నేను.

ఆయన బతికాడు. కానీ మునుపటి మనిషి కాలేదు. కుడి చెయ్యి వణుకుతుంది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఇస్త్రీ పెట్టె ఇస్తే ఎందుకిచ్చారో తెలియనట్టు చూస్తాడు. బట్టల పని ఆమె ఒక్కతే చేసుకోసాగింది, మా షెడ్డులో కాదు, రెండు గల్లీల అవతల ఒక అరుగు మీద. ఇస్త్రీ బల్ల తీసుకుపోయేందుకు వచ్చినప్పుడు మా ఆయన ఆమెతో, షట్టర్ వేసుకుంటే ఇంట్లోవాళ్లకు ఏం తెలుస్తుందని, అతని ఖర్మ అని అన్నారు. నేను కాదనలేదు.

ఆ సంగతి కడుపులో పెట్టుకొని మూడు నెలలు తిరిగాను. శ్రావణంలో ఒకనాడు ఆ అరుగు దగ్గరికి పోయాను. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చొని గల్లీలోకి చూస్తున్నాడు. ఆమె చీర మడత వేస్తోంది.

"ఆ రోజు ఆయన తలుపు కొట్టిండు. నేను విన్న. లేచి తియ్యలేదు" అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. "ఎన్నిసార్లు కొట్టిండు?" అంది.

"మూడుసార్లు."

ఆమె చీర మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. ఆ రోజు వానకు ఒక ఇంటి ముందు నిలబడిందట. వాన తగ్గాక కూడా చల్లగా ఉందని కొద్దిసేపు అక్కడే ఉండిపోయిందట. ఆ కొద్దిసేపు తనను తింటూనే ఉందని, ఇప్పుడు ఇది కూడా విన్నానని అంది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"ఇగ నువ్వు రాకు అక్కా. నువ్వు చెడ్డదానివని కాదు. నిన్ను చూస్తే నాకు గా వాననే యాదికొస్తది" అంది.

లేచి వస్తుంటే ఆయన నా వైపు చూసి, బట్టలు వేయడానికి వచ్చాననుకున్నాడో ఏమో, మీ ఇల్లు ఎక్కడ అని అడిగాడు. ఈ పక్కనే అన్నాను. ఆమె ఆయన తల అటు తిప్పింది.

మళ్లీ ఆ గల్లీకి పోలేదు. ఈ ఏడు ఎండలు నిరుటికంటే ముందే మొదలయ్యాయి. షెడ్డుకు షట్టర్ తీయించి గాలి ఆడే ఇనుప జాలీ గేటు పెట్టించమంటే, ఇప్పుడు అందులో ఎవరున్నారని మా ఆయన అడిగారు. ఎవరూ లేరు. అయినా పెట్టించాను.