ఫ్రిజ్‌లో సూదులు, పళ్లెంలో కాకరకాయ

మొదటిసారి ఐవీఎఫ్ చేయించుకున్నప్పుడు చుట్టాలందరికీ తెలిసిపోయింది. అది ఫెయిలయ్యాక వచ్చిన ఫోన్లు ఇన్నీ అన్నీ కావు. ఒకావిడ ఏ గుడికి వెళ్లాలో చెప్పింది. ఇంకొకావిడ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోవద్దంది. మా ఆయన చిన్నమ్మ అయితే, "మీ వైపు ఎవరికైనా ఇలా ఉందా అమ్మా?" అని ఆరా తీసింది. ఒళ్లు మండిపోయింది. అందుకే రెండోసారి ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. కడుపు నిలిచాకే నోరు విప్పాలి. నిలవకపోతే ఆ ఏడుపేదో మేమిద్దరమే ఏడవాలి.

ఇంజక్షన్లు అలా మొదలుపెట్టామో లేదో, మా అత్తమ్మ కంటి ఆపరేషన్ కోసమని భీమవరం నుంచి పుప్పాలగూడలోని మా ఫ్లాట్‌లో దిగింది. ఆపరేషనయ్యాక నెలరోజులైనా ఉండక తప్పదు. ఇక మా గుట్టు దాగేదెలా? ఆ ఇంజక్షన్లు చూడ్డానికి పెన్నుల్లా ఉంటాయి, చల్లగా ఉంచాలి. వాటిని ఒక స్టీలు డబ్బాలో పెట్టి, పైన కరివేపాకు కప్పి, ఫ్రిజ్‌లో అడుగు అరలోకి తోసేశాను.

సాయంత్రం నానక్‌రామ్‌గూడ ట్రాఫిక్‌లోంచి బయటపడి ఇంటికి రాగానే బెడ్‌రూమ్ తలుపేసుకునేవాళ్లం. నా పొట్ట మీద సూది గుచ్చే పని మా ఆయనది. ఆఫీసులో సర్వర్లన్నీ పడిపోయినా తొణకని మనిషికి, సూది చూస్తే చెమటలు పట్టేవి.

"కళ్లు మూసుకో," అనేవాడు.

"ముందుగాల నువ్వు కండ్లు తెరువు! నాకు గుచ్చుతవా, గోడకు గుచ్చుతవా?"

బయట అత్తమ్మ టీవీ సౌండు పెంచేది. పెళ్లయిన ఇన్నేళ్లకు ఇదేం చోద్యం అనుకుంటోందేమోనని ఇద్దరం సిగ్గుతో చచ్చిపోయేవాళ్లం.

ఇంతలో నా కాఫీలో పంచదార మాయమైంది. మర్నాడు కాకరకాయ వేపుడు. ఆ మర్నాడు కాకరకాయ పులుసు. పొద్దున లేవగానే నానబెట్టిన మెంతులు. భీమవరం నుంచి తెచ్చిన పూతరేకులన్నీ కొడుక్కి, రాగి జావ నాకు. ఆ హార్మోన్లకు నాకు అసలే ముక్కు మీద కోపం. యాప్‌లో ఒక బటన్ రంగు తప్పుగా ఉందని ఆఫీసులో వెక్కివెక్కి ఏడ్చిన రోజులవి.

"మీ అమ్మకు నా మీద పగ గిట్ల ఉన్నదా?" అని మా ఆయన్ని నిలదీశాను.

"అమ్మ కాకరకాయ బాగానే చేస్తుంది కదా," అన్నాడు.

"అయితే నువ్వే తిను!"

నా ఒంట్లోంచి అండాలు తీసిన రోజు, పన్ను పీకించుకుంటున్నానని ఆఫీసులోనూ, ఆఫీసు ఉందని ఇంట్లోనూ చెప్పాను. కొన్ని రోజులకు పిండాన్ని లోపల పెట్టారు. ఇక రెండు వారాలు ఆగి రక్తపరీక్ష చేయించుకోవాలి. గట్టిగా తుమ్మాలన్నా భయమేసేది. అలాంటి సమయంలో అత్తమ్మ, "లిఫ్టు మానెయ్యమ్మా, మెట్లెక్కితే ఒంటికి మంచిది," అని దగ్గరుండి ఎక్కించింది. ఆ మర్నాడు పరగడుపున గ్లాసెడు కాకరకాయ రసం తెచ్చింది.

"ఇగ చాలు అత్తమ్మా! నేనేం పాపం జేసిన? నాకెందుకీ శిక్ష?"

ఆవిడ కంటికి పెట్టుకున్న నల్లద్దాలు తీసి, గొంతు తగ్గించింది. "అరవకమ్మా, పక్క ఫ్లాటు వాళ్లు వింటారు. నాకన్నీ తెలుసు. నా కంటిచుక్కల మందు ఫ్రిజ్‌లో పెడుతూ కరివేపాకు కింద చూశాను. మీ మామగారు పొడుచుకునే సూదులే కదా అవి! ఇంత చిన్న వయసులో నీకు షుగరేంటమ్మా? ఎవ్వరికీ చెప్పలేదు, మీ మామగారిక్కూడా. తెలిస్తే అందుకే పిల్లల్లేరంటారు."

లోపలున్నది కదిలిపోతుందేమోనని పొట్ట పట్టుకుని మరీ నవ్వాను. తర్వాత నిజం చెప్పేశాను. ఆవిడ గ్లాసు లాక్కుని సింకులో పారబోసింది.

"ఓసి నీ దుంపతెగ! మెట్లెక్కించానే నిన్ను! ముందే చెప్పొద్దూ?"

మెట్లెక్కితే ఏమీ కాదని డాక్టరమ్మ ఫోన్లో చెప్పినా ఆవిడ నమ్మలేదు. ఆ వారమంతా నాకంటే ఎక్కువ ఆవిడే వణికింది. నేను మంచినీళ్లకు లేచినా పరిగెత్తుకొచ్చేది.

పరీక్ష రోజు మధ్యాహ్నం క్లినిక్ నుంచి ఫోనొచ్చింది. నిలవలేదు.

నాకు ఏడుపు రాలేదు. వెళ్లి పడుకున్నాను. అత్తమ్మ అన్నం పెట్టి వెళ్లిపోయింది. సాయంత్రం హాల్లో ఆవిడ ఫోన్ మోగింది. కళ్లు సరిగ్గా ఆనక స్పీకర్‌లోనే మాట్లాడుతోంది. అవతల ఆ చిన్నమ్మే.

"ఏం అక్కా, కోడలికి ఏమైనా విశేషమా?"

ఇక మళ్లీ అందరి ఫోన్లూ మొదలు.

"విశేషం మా అబ్బాయిదేనే," అంది అత్తమ్మ. "వాడికి షుగరొచ్చింది. రోజూ సూదులే పాపం. పిల్లలు కాస్త ఆలస్యమవుతారు. కోడల్ని మాత్రం ఎవరూ ఏమీ అడక్కండి. అడిగేదేదో నన్నే అడగండి."

"నాకా? షుగరా?" మా ఆయన కేక గదిలోకి వినిపించింది.

"నువ్వు నోర్ముయ్యరా."

అప్పుడొచ్చింది నాకు నవ్వు. నవ్వుతూ ఉండగానే ఏడుపు ముంచుకొచ్చింది, దిండులో మొహం దాచుకున్నాను. అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వు గూడ ఏడుస్తున్నవా అత్తమ్మా? ఆపరేషనైన కండ్లు," అన్నాను.

"ఏడవనీవే," అంది కళ్లు ఒత్తుకుంటూ. "పోయింది నీ ఒక్కదానికేనా?"