దేవదూత తల మీద దీర్ఘం

కరోనా సద్దుమణిగిన ఏడాది నేను జగిత్యాలలో ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడర్‌ని. హోదాలో యజమాని కింద, కాగితాలు మోసే ఆటో పైన. ఆ వేసవిలో సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడు నర్సయ్య రాసిన కావ్యం నా బల్ల మీదికి వచ్చింది. స్వర్గం నుంచి గెంటేసిన దేవదూత మళ్లీ ఆ వాకిట్లోనే వచ్చి నిలబడతాడు. చివరి మాట: 'తల వంచను.'

మొదటి ప్రూఫులో నర్సయ్య దీర్ఘం పెట్టి 'తల వంచాను' అని దిద్దాడు. రెండో ప్రూఫులో ఆ దీర్ఘం తీసేశాడు. కొట్టేసిన మాట కింద చుక్కలు పెడితే, దాన్ని అలాగే ఉంచమని మా వృత్తిలో అర్థం. ఆఖరి ప్రూఫులో రెండు మాటలూ రాసి, రెండూ కొట్టేసి, రెండింటి కిందా చుక్కలు పెట్టి, 'అచ్చు వేయవచ్చు' అని సంతకం చేశాడు. ఆ పేజీ చూసి చూసి నా పేరులో దీర్ఘం ఎక్కడుందో కూడా నాకు అనుమానం వచ్చింది.

సంగతి దేవదూతది కాదని తెలుసు. నర్సయ్యకు ఛందస్సు నేర్పింది కోరుట్ల తెలుగు పండితుడు రాజేశం సారు. నాలుగేళ్ల కింద నిండు సభలో, "మీ చెయ్యి పడ్డంకనే నా పద్యం సచ్చింది సార్" అన్నాడు నర్సయ్య. అప్పటి నుంచి మాటల్లేవు. ఇప్పుడు పుస్తకావిష్కరణకు ఆయన్నే పిలిచాడు. ఆ చివరి మాట చదివేది ఆయనే.

అర్థం మార్చే హక్కు ప్రూఫ్ రీడర్‌కు లేదు. నర్సయ్య ఫోన్ ఎత్తకపోతే బస్సెక్కి సిరిసిల్ల పోయాను. షెడ్డులో మగ్గాల మోతకు ఎక్కడో దూరాన ముస్తాబాద్ ఊళ్లో బర్రెలు పాలు ఎగ్గొట్టి ఉంటాయి.

"నర్సన్నా, దీర్ఘం ఉండాల్నా, వద్దా?" అని చెవిలో అరిచాను.

"వంచ...ను!" అన్నాడు. మధ్యలో ఉన్నదేదో మగ్గం మింగేసింది. మళ్లీ అడిగాను.

"ఎన్నిసార్లు ఒర్రాలె? చెవులల్ల పత్తి పెట్టుకున్నవా ఏంది?" అని, తెగిన పోగు అతకడానికి తల వంచాడు.

నేను దాన్నే జవాబనుకున్నాను. దీర్ఘం పెట్టించాను.

కోరుట్లలో ఆవిష్కరణ సభలో రాజేశం సారు 'తల వంచాను' అని చదివి ఆగిపోయారు. కళ్లద్దాలు తీశారు. నర్సయ్య విసవిసా వేదిక ఎక్కాడు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

"అది అచ్చుతప్పు సార్. వంచను అనే రాసిన," అన్నాడు, వంగి ఆయన కాళ్లు పట్టుకుని.

"అయితే లేచి దిద్దుకోరా," అన్నారు సారు.

నర్సయ్య లేవలేదు.

రెండో ముద్రణకు ఏ మాట వేయాలో నాకు ఇప్పటికీ తేలలేదు. రచయిత జవాబు చెవితో తీసుకోకూడదని మాత్రం నేర్చుకున్నాను. రెండు మాటల కిందా చుక్కలుంటే, అది పొరపాటే కానక్కర్లేదని కూడా.