ఆదోనిలో తాతయ్య పని

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా వీధి పొడుగునా మగ్గాల చప్పుడే. మా తాతయ్య చీరలు నేసేవాడు. ఆ ఏడు మా పక్కింటి అక్క బడి చదువు పూర్తిచేసి, కాలేజీలో చేరతానని పట్టుబట్టింది. అప్పట్లో మా ఊళ్లో కాలేజీ లేదు. రోజూ బస్సులో ఆదోనికి పోయి రావాలి. మా వీధి ఆడపిల్లలెవరూ అంతవరకు అలా పోయినవాళ్లు కారు.

అక్క వాళ్ల నాన్న చెడ్డవాడు కాదు, భయస్తుడు. "ఆడపిల్లను ఒక్కదాన్నే బస్సెక్కిచ్చి, నేను మగ్గం కాడ నిమ్మళంగా యాడ కూసుంటా మామా?" అని మా తాతయ్య దగ్గర వాపోయాడు. గోడకు అవతల అక్క ఏడుస్తున్నది మాకు వినిపిస్తూనే ఉంది.

తాతయ్య తువ్వాలుతో మొహం తుడుచుకొని, "నాకు దినామూ ఆదోనిలో పని ఉండాదప్పా. నూలు యాపారస్తులతో మాట్లాడాల. పాపను నేను తీస్కపోయి తీస్కొస్తా లే" అన్నాడు.

నన్నింకా బడిలో వేయలేదు కాబట్టి నేనూ ఆయన వెంట బయలుదేరాను. అక్క కాలేజీ లోపలికి పోగానే మేమిద్దరం ఊరి మీద పడేవాళ్లం. పత్తి మార్కెట్లో తెల్లటి గుట్టల మధ్య నడిచేవాళ్లం. ఎండ ఎక్కితే హోటల్లో కూర్చుని ఉగ్గాని, బజ్జి తినేవాళ్లం. కోట కొండను కింది నుంచే చూపించి, పైకెక్కడం నేను పెద్దయ్యాక అనేవాడు. దూది మిల్లు ముందు ఆగి, దాన్ని కట్టించిన సేటు ఒకప్పుడు భుజాన మూట వేసుకొని పల్లెల్లో బట్టలమ్మినవాడని చెప్పేవాడు.

అన్నింటికంటే ఎక్కువసేపు నిలబడేది ఒక చిన్న ఆస్పత్రి ముందర. నేను పుట్టేటప్పుడు కాన్పు కష్టమైతే, అక్కడి డాక్టరమ్మే మా అమ్మనూ నన్నూ దక్కించిందట. "ఆయమ్మను గూడా ఎవరో ఒకరు కాలేజీకి తోడు తీస్కపోయింటారు గదమ్మా" అన్నాడొకసారి.

ఆయన ఏ నూలు దుకాణం మెట్లూ ఎక్కగా నేను చూడలేదు. ఇంటికి రాగానే మాత్రం మగ్గం గుంటలోకి దిగేవాడు. పగలు ఆగిన నేత దీపం పెట్టాక కూడా సాగేది. కళ్లు పోతాయని మా అవ్వ గొణుగుతుంటే, వింటూనే నేసేవాడు.

వానాకాలంలో ఒకరోజు అక్క వాళ్ల నాన్న ఏదో పని మీద ఆదోనికి వచ్చాడు. మేము కాలేజీకి ఎదురుగా మూసి ఉన్న ఒక అంగడి అరుగు మీద, జల్లు తగలకుండా ముడుచుకొని ఉన్నాం. నేను తాతయ్య తువ్వాలు కప్పుకొని సగం నిద్రలో ఉన్నాను. అక్క వాళ్ల నాన్న రోడ్డు దాటి వచ్చి, "మామా, ఈడ కూసున్నావేంది? పనికి పోలేదా?" అన్నాడు.

తాతయ్య కాలేజీ గేటు వైపు ఒకసారి చూసి, నవ్వి, పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఆయన కూర్చున్నాడు. పక్క హోటల్ నుంచి టీలు తెప్పించి, తాతయ్యకు గ్లాసు తన చేత్తోనే అందించాడు. గంట మోగి, అక్క పుస్తకాలు గుండెకు హత్తుకొని వచ్చింది. తండ్రిని చూసి బెదిరి గేటు దగ్గరే ఆగిపోయింది.

"రామ్మా, తడుస్తావు" అని కేకేశాడాయన. తర్వాత మా తాతయ్య వైపు తిరిగి, "రేపట్నుంచి నువ్వు మగ్గం కాడ ఉండు మామా. పాప ఒక్కతే వస్తాది" అన్నాడు.

అక్క చదువు ముగించుకొని మా ఊరి బడికే టీచరమ్మగా వచ్చింది. ఆమె వెనక మా వీధి పిల్లలు ఇంకా ఎందరో ఆ బస్సెక్కారు. నేనూ ఎక్కాను.

ఒకరికి మేలు చేసేటప్పుడు ఆ బరువు వాళ్లకు తెలియనీయకూడదని నాకు తెలిసింది ఆ అరుగు మీదే. ఇప్పుడు నేను ఆదోనిలోనే ఉంటున్నాను. మోకాళ్ల నొప్పులు, కదిలేది తక్కువ. మొన్న మా పక్కింటి కోడలు స్కానింగ్‌కు ఒంటరిగా పోవాలంటే బెంబేలెత్తింది. చెప్పులేసుకొని ఆమెతో ఆటో ఎక్కాను. తన పేరు పిలిచినప్పుడు లోపలికి పోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. బెంచీ మీద నుంచి చెయ్యెత్తి చూపాను, ఇక్కడే ఉంటానని.