మెస్కాల్ మూడు గిన్నెలు, ఒక వియ్యపురాలు

ఈ ప్రయాణానికి కారణం అసూయ. విహారయాత్రలు రాసేవాళ్లు సాధారణంగా ఇంకేదో పెద్ద కారణం చెబుతారు. నాకు ఆ ఓపిక లేదు. జనవరిలో నెల రోజుల విజిట్ వీసా తీసుకుని, కాకినాడ నుంచి బర్ దుబాయ్‌లో ఉంటున్న మా అమ్మాయి వసుధ ఇంటికి వచ్చాను. దాని అత్తగారు సుగుణమ్మ రెండేళ్లుగా వాళ్లతోనే ఉంటోంది. ఆవిడది కోరుట్ల దగ్గరి ఊరు. మా వైపు అత్తగారిని అత్తయ్యా అంటాం, వాళ్ల వైపు అత్తమ్మా అంటారు. ఆ పిలుపులో ఒక అమ్మ ఎందుకుండాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను వచ్చిన వారానికి, పొద్దున టిఫిన్ తింటూ వసుధ చాలా మామూలుగా అంది: “శనివారం అత్తమ్మా నేనూ మెస్కాల్ రుచి చూడ్డానికి వెళ్తున్నాం. నువ్వు హాయిగా రెస్ట్ తీసుకో అమ్మా.”

మెస్కాల్ అంటే మెక్సికో వాళ్లు అగావె మొక్క దుంపను నేలలో కాల్చి, పులియబెట్టి, బట్టీ పట్టే సారా. మహిళా కళాశాలలో ముప్ఫై ఏళ్లకు పైగా వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. అగావె గురించి ఎవరైనా వెళ్లాల్సి ఉంటే అది నేనే కదా! “నేనూ వస్తాను” అన్నాను. వసుధ ఇడ్లీ తుంచడం ఆపింది. “నువ్వా? అక్కడ తాగాలి అమ్మా. తప్పులు దిద్దడానికి పేపర్లు ఇవ్వరు.” సుగుణమ్మ కిసుక్కున నవ్వింది. “రానియ్యి బిడ్డా. వదిన వస్తె మంచిగనే ఉంటది.” నా కూతురితో నేను వెళ్లడానికి ఆవిడ సిఫార్సు అవసరమైంది. అదీ పరిస్థితి.

శనివారం మూడున్నరకు ఇంటి కింద టాక్సీ ఎక్కాం. బిజినెస్ బే వైపు ఒక హోటల్లోని మెక్సికన్ రెస్టారెంట్ మా గమ్యం. ట్రాఫిక్ లేకపోతే ఇరవై నిమిషాలు, ముప్ఫై దిర్హాములకు కాస్త అటూ ఇటూ. ఖర్చు తగ్గించుకోవాలంటే మెట్రోలో బుర్జుమాన్ దగ్గర రెడ్ లైన్‌కు మారి వెళ్లవచ్చు, కానీ ఆ స్టేషన్లలో నడక ఎక్కువ. నా మోకాళ్లు ఒప్పుకోవు. బయల్దేరే ముందు వాటికి దట్టంగా నొప్పుల మందు రాసుకున్నాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

నేను ముందు సీట్లో, వాళ్లిద్దరూ వెనక. డ్రైవరుది జగిత్యాల, ఉండేది షార్జా అల్ నహ్దాలో. సుగుణమ్మ నోరు తెరవగానే అతను అద్దంలోంచి ఆవిణ్ణి చూశాడు.

“అక్కా, మీది మా దిక్కేనా?”

“కోరుట్ల పక్కన. యాస పట్టుకున్నవా తమ్మీ?”

“పట్టుకోనా మరి! అమ్మ, బిడ్డ ఇద్దరు ఒక్క తీరుగనే నవ్వుతున్నరు. ముందట కూసున్న మేడం ఎవలు? చుట్టమా?”

వసుధ దిద్దుతుందని ఎదురుచూశాను. అది నవ్వుతూ, “అందరం చుట్టాలమే అన్నా. యల్లా, త్వరగా పోనివ్వండి, నాలుగింటికల్లా చేరాలి” అంది. షేక్ జాయెద్ రోడ్డు పక్కన మేడలు చాలా ఎత్తుగా ఉంటాయని అందరూ రాస్తారు. నేను ఏ మేడనూ చూడలేదు.

లోపల పొడవాటి చెక్క బల్ల, దాని ముందు కుర్చీలు. తలకు రెండు వందల ఇరవై దిర్హాములు, మూడు రకాల మెస్కాల్, నంజుకోవడానికి చిన్న పళ్లాలు. వసుధ మధ్యలో కూర్చుంది, మేం చెరో పక్కా. పోసే అబ్బాయి పేరు ఎమిలియో, దక్షిణ మెక్సికోలోని కొండ ఊరి నుంచి వచ్చాడు. వాళ్ల నాన్న ఇప్పటికీ బట్టీ పెడతాడట. నేలలో గొయ్యి తవ్వి, రాళ్లు ఎర్రగా కాల్చి, వాటి మీద అగావె దుంపలు పేర్చి, మట్టి కప్పి రోజుల తరబడి మగ్గనిస్తారని చెప్పాడు. ఆ పొగే మెస్కాల్‌కు ప్రాణమట. అవకాశం వచ్చింది కదా అని నేనూ అందుకున్నాను. అది ముళ్లున్నా బ్రహ్మజెముడు జాతి కాదని, ఏళ్ల తరబడి పెరిగి ఒక్కసారే పూసి చచ్చిపోతుందని, మా రైలు కట్టల వెంట పెరిగే రాకాసి మట్టలు దానికి దగ్గరి బంధువులని వివరించాను.

“మీ దేశంలో దాంతో ఏం చేస్తారు?” అని అడిగాడు ఎమిలియో శ్రద్ధగా.

“తాళ్లు పేనుతాం” అన్నాను.

సుగుణమ్మ వసుధ భుజం తట్టింది. “చూసినవా! సారా తాగాల్సిన మట్టలకెల్లి తాళ్లు తీసుకుంట, ఇన్నేండ్లు బర్రెలను కట్టేసుకున్నం.” వసుధ కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. పాఠం నాది, నవ్వు ఆవిడకు.

పళ్లెంలో కమలాతొనలు, వాటి మీద ఎర్రటి ఉప్పు. ఆ ఎరుపు ఏమిటని అడిగాను. మిరపకాయ, దానితోపాటు అగావె మొక్కను తినే పురుగును ఎండబెట్టి నూరిన పొడి అన్నాడు. నా తొనను మర్యాదగా వెనక్కి పెట్టేశాను. సుగుణమ్మ తనది ముగించి నాది కూడా తీసుకుంది.

మొదటి మెస్కాల్ చిన్న మట్టి గిన్నెలో వచ్చింది. వెంటనే తాగకూడదు. గిన్నెను ముక్కుకు కాస్త దూరంగా పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి పీల్చాలి. ముక్కును పూర్తిగా లోపల పెడితే ఘాటు తప్ప ఏమీ తెలియదు. సుగుణమ్మ కళ్లు మూసుకుంది. “బొగ్గుల మీద కాల్చిన మక్కకంకి. దాని ఎనకాల నిమ్మతొక్క.” వసుధ ఇంగ్లీషులో చెప్పగానే ఎమిలియో చప్పట్లు కొట్టాడు. నేను ఊరుకుంటానా? గట్టిగా పీల్చి, “కర్పూరం. నీలగిరి తైలం. చాలా స్పష్టంగా ఉంది” అన్నాను. ఎమిలియో తన గిన్నె రెండుసార్లు వాసన చూసుకున్నాడు. పాపం, తన ముక్కునే అనుమానించాడు. వసుధ నా వైపు వంగి, గొంతు తగ్గించి అంది: “అమ్మా, అవి నీ మోకాళ్లు.”

బాత్రూంలోకి వెళ్లి సబ్బుతో కడుక్కుని వచ్చేసరికి రెండోది పోసి ఉంది. ఇది కొండల్లో దానంతటదే పెరిగే చిన్న అగావె నుంచి తీసిందట, అరుదైనదట. పోయిన పరువును వెంటనే రాబట్టాలనే తొందరలో, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నీళ్లు తాగే పద్ధతిలోనే గిన్నె పైకెత్తి, పెదవికి తగలకుండా గొంతులో పోసుకున్నాను. మా ఇంట్లో ఎంగిలి చేయకుండా తాగేది అలాగే. అది నాలుకను పలకరించకుండా నేరుగా దిగిపోయింది. దిగిన ప్రతి అంగుళం నాకు తెలిసింది. దగ్గూ కన్నీళ్లూ కలిసి వచ్చాయి. సుగుణమ్మ వసుధ వెనక నుంచి చెయ్యి చాపి నా వీపు నిమిరింది. “మెల్లగ వదినా. మంచినీళ్లు కాదు గద.” ఆవిడ జాలి మెస్కాల్ కంటే ఎక్కువ మండింది. ఎమిలియో ఎంతో గౌరవంగా, దీన్ని చిన్న చిన్న ముద్దులు పెడుతున్నట్టు తాగాలని సలహా ఇచ్చాడు. వియ్యపురాలి ముందు, అరవై ఎనిమిదేళ్ల వయసులో, ముద్దుల గురించి నాకు పాఠం. ఆవిడ మాత్రం ఓ చుక్క చప్పరించి, ఇప్పపువ్వు వాసన వస్తోందని తేల్చేసింది. వసుధ ఆవిడ వైపే పూర్తిగా తిరిగి కూర్చుంది. నాకు దాని జడ కనిపిస్తోంది.

మూడోది మట్టి కుండల్లో బట్టీ పట్టిన రకం. సుగుణమ్మ వాసన చూసింది, చప్పరించింది, మళ్లీ చూసింది. “వాన పడ్డ మన్ను ఉంది. ఇంకేందో ఉంది బిడ్డా. ఎరుకైనట్టే ఉంది, యాదికి వస్తలేదు.” ఎమిలియో అప్పుడు వాళ్ల ఊరి పద్ధతి చూపించాడు. అరచేతిలో ఒక చుక్క వేసుకుని, రెండు చేతులూ రుద్దుకుని, తడి ఆరాక వాసన చూడాలి. ఘాటు ఎగిరిపోయి కాలిన దుంప వాసన ఒక్కటే మిగులుతుందట.

ఇక్కడ మా వంటింటి గురించి ఒక మాట చెప్పాలి. దేవుడికి పెట్టకముందు రుచి చూడటం మా ఇంట్లో లేదు. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి చెప్పాలి, మా ముక్కు వినాలి. యాభై ఏళ్లు అలాగే వండాను. అరచేతులు రుద్దుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాను. వెతుక్కునే పని లేకుండానే వచ్చింది.

“తంపటి వేసిన తాటి తేగ” అన్నాను. “పైన కాలిన తొక్క కాదు. వేడిగా ఉండగా నిలువునా చీలిస్తే, నడిమి మొలక, అదే చందమామ, దాని దగ్గర నుంచి వస్తుందే, ఆ ఆవిరి.”

వసుధ నా మణికట్టు పట్టుకుని అరచేతిని తన ముక్కుకు ఆనించుకుంది. “అమ్మా! అవును!” అంది. అని నా వైపు చూసిందా? లేదు. నా చెయ్యి వదలకుండానే అటు తిరిగింది. “అత్తమ్మా, చూడండి, చూడండి! చెప్పానా మా అమ్మ ముక్కు గురించి!” అంటూ నా చేతిని ఆవిడ ముఖం దాకా లాక్కెళ్లింది. కుర్చీలోంచి పడకుండా బల్ల పట్టుకున్నాను.

సుగుణమ్మ పీల్చింది. “అవ్ గదా! గేగులు! మా దిక్కు గేగులంటరు.” తర్వాత నా వైపు తిరిగింది. “వదినా, రెండేండ్ల సంది ఇదే ముచ్చట. నేను పప్పు చేస్తె, మా అమ్మ రుచి చూడకుంటనే ఉప్పు చెప్తది అంటది. పచ్చడి నూరితె, మా అమ్మ అయితే అంటది. నాకైతె కడుపుల మండేది. అబద్ధమని పట్టుకుందామనే ఇయ్యాల నిన్ను రమ్మన్న. ఇగ ఖలాస్, అది నిజమే అయిపాయె.”

“అత్తమ్మా!” అంది వసుధ, చెవులు ఎర్రబడి.

మిగిలిన మెస్కాల్‌ను పెదవికి తగిలించి, ఎమిలియో చెప్పినట్టే, మెల్లగా తాగాను. మొదట పొగ, తర్వాత తీపి, చివర కాస్త చేదు, ఆ తర్వాత చాలాసేపు వెచ్చదనం. ఆ సాయంత్రం నేను రుచి చూసినవాటన్నిటిలో అదే మేలైనది, వియ్యపురాలి కడుపుమంట తర్వాత.

టాక్సీలోనే తిరిగొచ్చాం. మీరు షార్జాలో ఉంటే ఆ రాత్రికి దుబాయ్‌లోనే బస చూసుకోండి, షార్జాలో మద్యం నిషేధం. ఈసారి నేను వెనక కూర్చున్నాను. దారంతా ఆలోచించాను. నా అసూయ తగ్గిందని రాస్తే మీకు బాగుంటుంది కానీ, తగ్గలేదు. దానికి తోడు దొరికింది, అంతే. కూతురు నా గురించి నాకు ఎప్పుడూ చెప్పని మాటలన్నీ రెండేళ్లుగా ఆవిడకు చెబుతోంది. వినడానికి ఆవిడ లేకపోతే ఆ మాటలు పుట్టేవే కావేమో. ఈ లెక్కన ఆవిణ్ణి భరించక తప్పదు.

ఇక వెళ్లాలనుకునే వారికి సలహా ఒక్కటే. ఆ రోజు సెంటు, తలనూనె, ముఖ్యంగా నొప్పుల మందు రాసుకుని వెళ్లకండి, ఇంటికి వచ్చాక రాసుకోండి. రాస్తామని కూతురూ వియ్యపురాలూ పోటీపడి వస్తే ఏ మోకాలు ఎవరికివ్వాలో ముందే తేల్చుకోండి. నేను ఎక్కువ నొప్పిగా ఉన్న కుడి మోకాలు నా కూతురికిచ్చాను.