గాలికి తిరిగే నా పేరు

నిన్న పొద్దున మా ఊరి ఇందా బజార్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. మా ఆయన "నాన్న..." అని ఆగిపోయారు.

నా చేతిలో మావయ్యగారు తెమ్మన్న, కరెంటు తీగలకి చుట్టే నల్ల టేపు ఉంది.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నేనెప్పుడూ పోస్ట్ పెట్టలేదు. లైక్ కొట్టడం వరకే. ఈ ఒక్కటీ రాస్తాను.

మావయ్యగారు రైల్వే వర్క్‌షాపులో పెయింటర్. బోగీల మీద అక్షరాలు రాసేవారు. కరెంటు పని అసలు తెలియదు. రిటైరయ్యాక ఫోన్‌లో వీడియో చూసి, గాలితో బల్బు వెలిగిస్తానన్నారు.

ఎండాకాలంలో, ఇక్కడి బెంగాలీవాళ్ళు కాలబైశాఖి అనే గాలివాన వస్తే మా వీధిలో కరెంటు పోతుంది. "అంత గాలి ఊరికే పోతంది గదమ్మా" అనేవారు.

ఏడో క్లాసుతో ఆగిపోయిన నన్ను సాయం పిలిచారు.

"నాకేటి తెలుసు మావయ్యా?"

"నాకు మాత్రం ఏటి తెలుసు? ఇద్దరం కొత్తోళ్ళమే. రా."

మొదట పాత సీలింగ్ ఫ్యాన్‌ని మేడ మీద నిలబెట్టాం. గాలికి బాగానే తిరిగింది. బల్బు వెలగలేదు.

ఎదురింటి బాబాయి కిందనుంచి అరిచాడు. "ఏటన్నా, ఆకాశానికి ఉక్కపోస్తందా?"

నేను సిగ్గుతో పిట్టగోడ చాటుకి తప్పుకున్నాను. మావయ్యగారు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆ మోటారులో అయస్కాంతం ఉండదని, అది లేందే కరెంటు పుట్టదని తర్వాత తెలిసింది. మా ఊళ్ళోనే ఖరిదా పేటలో పాతసామాన్ల కొట్టు నుంచి, అయస్కాంతం ఉండే ట్రెడ్‌మిల్ మోటారు తెచ్చారు. ఇరుసు చేత్తో తిప్పితే చిన్న బల్బు మిణుక్కుమంది. ఇద్దరం ఒకేసారి అరిచాం!

ప్లాస్టిక్ పైపు మీద ఆయన రెక్కలు గీశారు, నేను కోశాను. తీగలన్నీ నా చేతే కలిపించారు.

చివరికి, ఫ్యాన్‌ని గాలివైపు తిప్పే తోకరేకు మీద పసుపు రంగుతో నా పేరు రాశారు. పార్వతి. అచ్చం బోగీ అక్షరాల్లాగే.

"మీ పేరు రాయండి మావయ్యా, అందరూ చూస్తారు."

"సూడాలనే రాస్తన్నాను. బోగీల మీద హిందీ రాసినాను, బెంగాలీ రాసినాను, ఇంగ్లీషు రాసినాను. తెలుగు రాసే పని ఇన్నాళ్ళకి పడింది."

మొదటి గాలివానకే వీధంతా చీకటైంది. మా మేడ మీద బల్బు వెలిగింది.

బాబాయి పరుగున వచ్చాడు. "ఎవులు సేసినారన్నా?"

"తోక మీద సదువుకో" అన్నారు మావయ్యగారు.

నిన్న సాయంత్రం, ఆయన్ని పడుకోబెట్టిన చోట అత్తయ్య దీపం పెట్టింది. గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరింది.

పైన మాత్రం ఆయన బల్బు వెలుగుతోంది.

అత్తయ్య అటు చూసి, "అది ఇక్కడికి తేమ్మా" అంది.

ఇంటినిండా మగవాళ్ళు. అంతమంది ఉంటే మామూలుగా గది దాటి రాను. నిన్న అందరి మధ్యనుంచీ మేడెక్కాను. తీగకి ఇంకో తీగ కలిపి, ఆయన తెమ్మన్న టేపే చుట్టి, బల్బు కిందికి దింపాను.

గాలి పెరిగినకొద్దీ వెలుగు పెరిగింది.

మావయ్యా, గాలి ఎటు మళ్ళినా నేను చూసుకుంటాను. మీరింక హాయిగా పడుకోండి. 🙏